ఒంటిమీద ఇంత సిగ్గెందుకు? బెర్లిన్ ఈతకొలనుల నిర్ణయంపై చర్చ

(2023 మార్చి. స్టూడియోలో యాంకర్, రిటైరైన తెలుగు లెక్చరర్, గైనకాలజిస్టు. బెర్లిన్ నుంచి వీడియో కాల్‌లో ఒక తెలుగు విద్యార్థిని.)

యాంకర్: నమస్కారం. బెర్లిన్ ఈతకొలనుల్లో ఇక ఆడవాళ్లు కూడా మగవాళ్లలాగే పైన బట్ట లేకుండా ఈదొచ్చు. జర్మనీలో మన పిల్లలు వేలల్లో చదువుకుంటున్నారు. నా ప్రశ్న ఒకటే. మన ఇంటి ఆడపిల్ల అలా వెళ్తానంటే ఏం చేస్తాం? అమ్మా, మీరు చెప్పండి.

విద్యార్థిని: మేడమ్, డిసెంబర్‌లో ఒకావిడని పైన బట్ట లేదని కొలను నుంచి బయటికి పంపేశారు. మగవాళ్లకి లేని రూలు నాకెందుకని ఆవిడ ఫిర్యాదు చేసింది. ఆ తర్వాతే ఈ నిర్ణయం. బట్ట తీసి తీరాలని ఎవరూ...

లెక్చరర్: ఇవాళ ఇష్టమైతే అంటారు, రేపు అందరూ అంటారు!

విద్యార్థిని: ఇక్కడ ఇది పాత విషయమే సార్. బట్టల్లేకుండా ఈదడం, ఎండలో గడపడం అనే ఈ అలవాటుని ఎఫ్‌కేకే అంటారు. 1898లోనే ఎస్సెన్‌లో సంఘం పెట్టుకున్నారు. 1933లో నాజీలు ఇలాంటి సంఘాల్ని నిషేధించారు. తూర్పు జర్మనీలో 1954లో బాల్టిక్ తీరంలో ఆపాలని చూస్తే జనం తిరగబడ్డారు, రెండేళ్లకి అనుమతి ఇవ్వాల్సి వచ్చింది. అక్కడ ముసలివాళ్లుంటారు, ఆపరేషన్ మచ్చలున్నవాళ్లుంటారు. ఎవరూ ఎవర్నీ ఎగాదిగా చూడరు.

యాంకర్: సరే, కానీ మీ అమ్మగారు చూస్తే?

లెక్చరర్: అదీ ప్రశ్న! నేను చెప్తాను. తల్లీ, నువ్వు చరిత్ర చెప్పావు, నేనూ చరిత్రే చెప్తాను. కేరళ వైపు తిరువాన్కూరు సంస్థానంలో నాడార్ కులం ఆడవాళ్లు రొమ్ము కప్పుకునే హక్కు కోసం దెబ్బలు తిన్నారు. 1859లో గానీ రాజుగారి ఉత్తర్వు రాలేదు. ఒంటిమీద గుడ్డ మనవాళ్లు పోరాడి తెచ్చుకున్న మర్యాద. దాన్ని తీసేయడం స్వేచ్ఛ అంటే నేనొప్పుకోను.

విద్యార్థిని: అప్పుడూ నిర్ణయం ఆడవాళ్లది కాదు కదా సార్! కప్పుకోవద్దన్నదీ వేరేవాళ్లే, ఇప్పుడు కప్పుకోమనేదీ...

లెక్చరర్: నన్ను పూర్తి చేయనీ. గుడ్డ మర్యాద. మళ్లీ చెప్తున్నా, మర్యాద.

డాక్టర్: ఒక్క నిమిషం. మర్యాద వేరు, సిగ్గు వేరు. నా దగ్గరికి వచ్చేవాళ్లలో రొమ్ములో గడ్డ తగిలినా నెలల తరబడి భర్తకి కూడా చెప్పనివాళ్లున్నారు. మన దేశంలో ఆడవాళ్లకి ఎక్కువగా వచ్చే క్యాన్సర్ అదే. పుండు పడ్డాక వస్తారు. వచ్చాక కూడా కొంగు తీయడానికి...

యాంకర్: చాలా ముఖ్యమైన విషయం డాక్టర్ గారూ, మళ్లీ వద్దాం. మాస్టారూ, మనవాళ్లలో దిగంబరులు లేరా? వేమనని అలాగే చూపిస్తారు కదా?

లెక్చరర్: చూపిస్తారు. శ్రవణబెళగొళలో జైనుల గోమటేశ్వరుడి విగ్రహమూ అంతే. అది వైరాగ్యం! ఈతకొలనులో టికెట్టు కొనుక్కునేది కాదు. కన్నడ శివభక్తురాలు అక్కమహాదేవి ఒంటిమీద నూలుపోగు లేకుండా శ్రీశైలం వచ్చిందంటారు, జుట్టే కప్పుకుందంటారు. ఆమె ఒళ్లు మరిచిపోయింది. వీళ్లు ఒళ్లు చూపించుకుంటున్నారు.

విద్యార్థిని: చూపించుకోవడం కాదు సార్, ఇక్కడ సానాలోకి, అంటే వేడి స్నానాల గదిలోకి, ఫోన్ కూడా...

లెక్చరర్: వేరు, వేరు, పూర్తిగా వేరు!

విద్యార్థిని: 2020లో నటుడు మిలింద్ సోమన్ గోవా బీచ్‌లో బట్టల్లేకుండా పరిగెత్తితే ఫిట్‌నెస్ అని మెచ్చుకున్నవాళ్లున్నారు. అదే ఆడపిల్లయితే...

లెక్చరర్: కేసు పెట్టారా లేదా? పెట్టారు! చట్టం మగా ఆడా చూడలేదు.

యాంకర్: మరి మన ఇంట్లో ఆడపిల్లని అలాగే చూస్తామా? మళ్లీ అక్కడికే వస్తున్నా.

విద్యార్థిని: మేడమ్, ఇంట్లోంచే మొదలవుతుంది. పదేళ్లకే చున్నీ సరిచేసుకో అంటారు. నల్లగా ఉన్నావు, లావయ్యావు అంటారు. నేను ఇక్కడికి వచ్చేదాకా తలుపు గడియ పెట్టుకుని కూడా అద్దంలో నన్ను నేను పూర్తిగా చూసుకోలేదు. కొలనుకి వెళ్లినా స్విమ్‌సూట్‌తోనే వెళ్తాను. కానీ భయం పోయింది. నా ఒళ్లు తప్పేమీ చేయలేదని తెలిసింది.

డాక్టర్: అదే నేను చెప్పబోయింది. బట్టలు తీయమని నేనూ అనను. స్నానం చేసేటప్పుడు తన రొమ్ము తను తడిమి చూసుకోమంటే తప్పు మాట విన్నట్టు తలదించుకుంటున్నారు. ఈ సిగ్గు మనం నేర్పిందే. దీనివల్ల ప్రాణాలు...

లెక్చరర్: డాక్టర్ గారూ, వైద్యానికి ఎవరడ్డం? శాస్త్రం ఎప్పుడూ వద్దనలేదు. కానీ సిగ్గు లేని సమాజం...

డాక్టర్: అడ్డం సిగ్గే సార్!

లెక్చరర్: ...నిలబడదు. సిగ్గు ఆడదానికి ఆభరణమని పెద్దలు ఊరికే అనలేదు.

విద్యార్థిని: మగవాడికి ఏది ఆభరణం సార్?

(ఇద్దరూ ఒకేసారి మాట్లాడుతున్నారు)

యాంకర్: ఒక్కొక్కరూ, ప్లీజ్! బ్రేక్ టైమైంది. మాస్టారు చెప్పినట్టు మర్యాద అనేది...

డాక్టర్: నా మాట ఇంకా పూర్తి కాలేదండీ.

యాంకర్: బ్రేక్ తర్వాత డాక్టర్ గారూ. మాస్టారూ, ఒక్క వాక్యంలో?

లెక్చరర్: ఒక్క వాక్యం కాదు, మూడు విషయాలున్నాయి. మొదటిది...