బ్రేకు లేటుగా పట్టుకుంటోందా? ముందు ట్యాంకులో నీళ్లు చూడండి

నమస్కారం అండి. విజయవాడ ఆటోనగర్ నుంచి మాట్లాడుతున్నాను. నా వెనకాల ఉన్న ఈ పది టైర్ల లారీ పొద్దున్నే గుంటూరు మిర్చి యార్డులో లోడు వేసుకుని వచ్చింది. డ్రైవరు తమ్ముడు వస్తూనే, "అన్నా, బ్రేకు లేటుగా పట్టుకుంటోంది, లైనర్లు చూడు" అన్నాడు.

లైనర్లు, అంటే చక్రంతో తిరిగే డ్రమ్ముకి ఒరుసుకుని బండిని ఆపే పట్టీలు, తర్వాత చూద్దాం. చక్రాలకి ముందూ వెనకా దిమ్మలు పెట్టాం, ఇప్పుడు బండి కిందకి వెళ్దాం. కెమెరా ఇటు తే నాన్నా. బ్రేకులకి గాలి నిల్వ ఉండే ఎయిర్ ట్యాంకు అడుగున ఈ చిన్న రింగు కనబడుతోందా? మొహం పక్కకి తిప్పుకుని దీన్ని లాగాలి. లాగుతున్నాను. బుస్సుమని గాలి రావాల్సిన చోట చూడండి, నీళ్లు. పాలెక్కువైన టీ రంగులో ఉన్నాయి. వేలితో ముట్టుకుంటే జిడ్డు.

"గాలిలో చెమ్మ తీసే డ్రైయర్ ఉన్న బండి కదన్నా, నీళ్లు డ్రెయిన్ చేయడం ఎందుకు" అంటున్నాడు తమ్ముడు. చాలామంది అనుకునేది ఇదే, అందుకే ఈ వీడియో.

కంప్రెసర్ బయటి గాలిని లాగి నొక్కుతుంది. నొక్కిన గాలి వేడెక్కుతుంది. ట్యాంకులోకొచ్చి చల్లారగానే అందులోని చెమ్మ నీరై అడుగున చేరుతుంది. వానాకాలంలో మన కృష్ణ ఒడ్డున ఉప్పు డబ్బా మూత తీసి ఉంచితే సాయంత్రానికి ఉప్పు తడిసి ముద్దవుతుంది కదా, మీ బండి పీల్చేదీ ఆ గాలే. డ్రైయర్‌లో చెమ్మ పీల్చే గుళికలుంటాయి, నిజమే. వాటికీ ఆయుష్షు ఉంటుంది. డ్రైయర్ ఉండి కూడా ట్యాంకులో ఇన్ని నీళ్లు దిగాయంటే ఆ గుళికలుండే కార్ట్రిడ్జి పనైపోయినట్టే. జిడ్డు కూడా ఉందంటే కంప్రెసర్ పిస్టన్ రింగులు అరిగి ఇంజనాయిల్ పైకి వస్తోందేమో చూడాలి.

ఈ నీళ్లు ఊరికే ఉండవు. గాలికి ఉండాల్సిన చోటు తినేస్తాయి. వాల్వుల్లో గ్రీజు కడుక్కుపోతుంది, తుప్పు పడుతుంది. ఆయిలు తగిలిన రబ్బరు ఉబ్బిపోతుంది. వెనక చక్రాల బ్రేకులకి గాలి పంపే రిలే వాల్వు బిగుసుకుంటే ఆ గాలి ఆలస్యంగా అందుతుంది. గంటకి 60 కిలోమీటర్ల వేగంతో వెళ్తుంటే సెకనుకి దాదాపు 17 మీటర్లు. బ్రేకు అర సెకను ఆలస్యమైతే బండి 8 మీటర్లు ముందుకెళ్లిపోయినట్టే. ఆ 8 మీటర్లలో ఒక ఆటో ఉండొచ్చు, స్కూటరు మీద పిల్లలుండొచ్చు.

మీ కాలి బలంతో లారీ ఆగదండి. చక్రం దగ్గర గాలితో బ్రేకుని తోసే బూస్టర్‌లో 30 చదరపు అంగుళాల డయాఫ్రం, అంటే రబ్బరు పొర, మీద చదరపు అంగుళానికి 100 పౌండ్ల గాలి పడితే 3,000 పౌండ్లు, అంటే సుమారు 1,360 కిలోల తోపుడు. అదంతా గాలి చేసే పని. మీ కాలు గాలికి దారి తీస్తుందంతే.

క్యాబిన్‌లోకి రండి. ఇది చూశాక నాకు కోపం కాదు, భయమేసింది. గాలి తగ్గితే హెచ్చరించే బజర్ వైరు కోసి టేపు చుట్టారు. పొద్దున స్టార్ట్ చేయగానే మోగుతోందని, చిరాకని. గాలి ఎక్కేదాకా అది మోగాలి తమ్ముడూ! రోడ్డు మీద మోగితే గాలి పోతోందని అర్థం, అప్పుడు ఇంకో పది కిలోమీటర్లు అనుకోకుండా పక్కకి తీసి ఆపేయాలి.

లీకు పరీక్ష ఎవరైనా చేసుకోవచ్చు. గాలి నిండాక, చదును నేల మీద, దిమ్మలు పెట్టి ఇంజన్ ఆపండి. హ్యాండ్ బ్రేకు వదిలి, పెడల్ తొక్కిపట్టి నిమిషం పాటు గాలి మీటరు ముల్లు చూడండి. ట్రైలర్ లేని బండికి నిమిషానికి గాలి ఒత్తిడి చదరపు అంగుళానికి 3 పౌండ్లకి మించి పడకూడదని అమెరికాలో లారీ లైసెన్సు పరీక్షకే అడుగుతారు. మన మీటర్లో అది 0.2 బార్. అంతకన్నా పడితే సబ్బు నీళ్లు పట్టుకుని కీళ్లన్నీ వెతకండి.

గిద్దలూరు దాటి నంద్యాల వైపు నల్లమల ఘాటు దిగేవాళ్లకి ఒక మాట. డీజిల్ మిగులుతుందని న్యూట్రల్ కొట్టకండి. ఇంజన్ పట్టు పోయి, బరువంతా లైనర్ల మీద పడి, డ్రమ్ములు కాలిపోతాయి. కాలిన డ్రమ్ము వ్యాకోచిస్తుంది, లైనరు పట్టు జారుతుంది, ట్యాంకు నిండా గాలి ఉన్నా బండి ఆగదు. దిగుడు మొదలవకముందే చిన్న గేరు వేసుకోండి, ఇంజన్ పొగ దారిని మూసి వేగం తగ్గించే ఎగ్జాస్ట్ బ్రేకు వాడండి.

వెనక బూస్టర్లలో హ్యాండ్ బ్రేకు స్ప్రింగు ఉంటుంది. గాలి పోతే బ్రేకు పట్టేది అదే. బోల్టుతో దాన్ని బంధించకుండా క్లాంపు విప్పితే తూటాలా వస్తుంది, మనిషి ప్రాణం తీస్తుంది. కుర్రాళ్ల చేత అస్సలు విప్పించకండి. గాలి ఎక్కట్లేదని ఆ స్ప్రింగుని బోల్టుతో వెనక్కి లాగేసి లోడుతో నడిపేవాళ్లున్నారు. అలా నడిపితే బండికి చివరి బ్రేకు కూడా లేనట్టే.

ఈ లారీకి ఇప్పుడు డ్రైయర్ కార్ట్రిడ్జి మారుస్తున్నాం, బజర్ వైరు కలుపుతున్నాం. తమ్ముడు రెండో ట్యాంకు రింగు తనే లాగాడు, అందులోనూ నీళ్లే. కంప్రెసర్ విప్పాక రింగులు ఏ స్థితిలో ఉన్నాయో రేపు చూపిస్తాను.