34 యూనిట్ల కరెంటు, మూడు సెకన్లు: ఫోర్డ్ తరగతి విమాన వాహక నౌకల గురించి

అందరికీ నమస్కారం.

బీచ్ రోడ్డులో కురుసుర సబ్‌మెరైన్ చూడనివాళ్లు ఈ హాల్లో ఉండరనుకుంటాను. దానికి దగ్గర్లోనే 'విక్టరీ ఎట్ సీ' స్మారకం ఉంది. ఘాజీ కథ కూడా విశాఖ వాళ్లకి నేను చెప్పక్కర్లేదు. 1971 డిసెంబరు 3 అర్ధరాత్రి ప్రాంతంలో మన రేవు ముందు మునిగిపోయిన ఆ పాకిస్తాన్ సబ్‌మెరైన్ వెతుక్కుంటూ వచ్చింది పాత విక్రాంత్‌ని. విక్రాంత్ అప్పటికి అండమాన్ వైపు వెళ్లిపోయింది. ఇంతవరకు అందరూ చెప్పుకుంటారు. ఆ విక్రాంత్ బాయిలర్లలో పగుళ్లు ఉన్నాయని, వాటిని పీడనం తగ్గించి నడిపారని మాత్రం పెద్దగా చెప్పుకోరు. ఆ రోజుల్లో విమాన వాహక నౌకకి బాయిలర్ నీరసపడితే నష్టం రెండు వైపులా. ప్రొపెల్లర్లు తిప్పేదీ ఆ ఆవిరే, డెక్ మీద నుంచి విమానాన్ని విసిరేదీ ఆ ఆవిరే. ఓడ నెమ్మదిస్తే ఎదురుగాలి తగ్గుతుంది. ఎదురుగాలి తగ్గితే విమానాన్ని ఇంకా గట్టిగా విసరాలి. అలాంటి బాయిలర్లతోనే డిసెంబరు 4న సీ హాక్ విమానాలను కాక్స్ బజార్ మీదికి పంపారు.

ఈ రోజు నేను మాట్లాడేది ఆ ఆవిరి స్థానంలో కరెంటు పెట్టిన ఓడ గురించి. అమెరికా వాళ్ల జెరాల్డ్ ఆర్ ఫోర్డ్ తరగతి. నేను నేవీ మనిషిని కాదు. ఎలక్ట్రికల్ మెషిన్స్ పాఠం చెప్పి రిటైరైనవాణ్ణి. లీనియర్ ఇండక్షన్ మోటారు బొమ్మ బోర్డు మీద గీసినప్పుడల్లా వెనక బెంచీ నుంచి ఎవరో ఒకరు "ఇది ఎక్కడ వాడతారు సార్?" అనేవారు. నేను రైళ్లనీ కన్వేయర్లనీ ఏదో చెప్పి తప్పించుకునేవాణ్ణి. ఇప్పుడు సరైన జవాబు దొరికింది, వినడానికి ఆ బెంచీ లేదు. అందుకని మీకు చెబుతున్నాను.

ముందు ఓడ ఎంతదో చూద్దాం. పొడవు 337 మీటర్లు. బరువు దాదాపు లక్ష టన్నులు. పైన డెక్ సుమారు ఐదెకరాలు. మన కొత్త విక్రాంత్ 262 మీటర్లు, 45 వేల టన్నులు అని గుర్తుంచుకుంటే పోలిక తెలుస్తుంది. వర్జీనియాలోని న్యూపోర్ట్ న్యూస్ షిప్‌యార్డులో 2009లో అడుగు దూలం (కీల్) వేశారు, 2017 మేలో నౌకాదళానికి అప్పగించారు, జులైలో అది లాంఛనంగా నౌకాదళంలో చేరింది. ఖర్చు సుమారు 13 బిలియన్ డాలర్లు. యాభై ఏళ్లు పనిచెయ్యాలని లెక్క. రెండు అణు రియాక్టర్లు ఉన్నాయి, సగం ఆయుష్షు అయ్యాక ఒకసారి ఇంధనం మారిస్తే చాలు.

ఇక్కడ ఒక చిన్న తమాషా ఉంది. అణు ఓడ అనగానే రియాక్టర్ నేరుగా ఓడను నడుపుతుందని చాలామంది అనుకుంటారు. రియాక్టర్ చేసేది నీళ్లు మరిగించడం, అంతే. ఆ ఆవిరి టర్బైన్లను తిప్పుతుంది. కొన్ని టర్బైన్లు ప్రొపెల్లర్లకి, కొన్ని జనరేటర్లకి. అంటే ఫోర్డ్‌లో ఆవిరి ఎక్కడికీ పోలేదు. డెక్ దాకా ఎక్కడం మానేసి, కింద కరెంటుగా మారి పైకి వెళుతోంది. పాత నిమిట్జ్ తరగతి ఓడలతో పోలిస్తే ఇందులో సుమారు మూడు రెట్లు కరెంటు పుడుతుంది. పంపిణీ కూడా 4,160 వోల్టుల నుంచి 13,800 వోల్టులకి పెంచారు. ఎందుకు పెంచారో మీకు తెలుసు. అదే పవర్‌కి వోల్టేజి పెంచితే ఆంపియర్లు తగ్గుతాయి, కేబుల్ సన్నబడుతుంది.

ఇక క్యాటపల్ట్, అంటే డెక్ మీద నుంచి విమానాన్ని విసిరే యంత్రం. దీని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను, నా ఇష్టం అనుకోండి.

ఆవిరి క్యాటపల్ట్ అంటే డెక్ కింద పడుకోబెట్టిన పొడవాటి సిలిండర్లు. పైన చీలిక ఉంటుంది. లోపలి పిస్టన్‌కి తగిలించిన కొక్కెం ఆ చీలికలోంచి పైకి వచ్చి విమానం ముందు చక్రాన్ని పట్టుకుంటుంది. వాల్వు తెరవగానే 600 కిలోలకు పైగా ఆవిరి ఒక్కసారిగా దూసుకొస్తుంది. వీడియోల్లో డెక్ మీద తెల్లగా పొగలా లేచేది ఆ చీలికలోంచి కారిన ఆవిరే. బలమైన యంత్రం, దశాబ్దాలపాటు పనిచేసింది. కానీ ఒకసారి వాల్వు తెరిచాక నడుమ సర్దుకోవడం దానికి చేతకాదు. మొదట్లో ఒక్క గుద్దు గుద్దుతుంది, విమానం అస్థిపంజరం అంతా అదురుతుంది. తేలికైన డ్రోన్‌ని విసరమంటే మరీ కష్టం. సుత్తితో గుండుసూది దిగ్గొట్టినట్టు ఉంటుంది.

ఫోర్డ్‌లో పిస్టన్ లేదు. గుండ్రటి ఇండక్షన్ మోటారును ఒకచోట కోసి చాపలా పరిచారనుకోండి, అదే లీనియర్ మోటారు. సుమారు వంద మీటర్ల చాప. దాని వెంట పరుగెత్తే బండి విమానాన్ని లాక్కుపోతుంది. చాప మొత్తానికి ఒకేసారి కరెంటు ఇవ్వరు. బండి ఏ ముక్క దగ్గరుంటే ఆ ముక్కకే ఇస్తారు. బండి ఎక్కడుందో, ఎంత వేగంలో ఉందో కంట్రోలర్ క్షణక్షణం చూసుకుంటూ తోపును సర్దుతుంది. విమానం బరువుని బట్టి మెల్లగా మొదలుపెట్టి నున్నగా పెంచుకుంటూ పోవచ్చు.

ఒక్క విసురుకి ఇవ్వగలిగిన గరిష్ఠ శక్తి 122 మెగాజౌళ్లు. మన మీటరు భాషలోకి మారిస్తే 34 యూనిట్లు. నెలకి 150 యూనిట్లు కాల్చే ఇంట్లో అది వారం రోజుల కరెంటు. బిల్లు చూస్తే భయపడేంత ఏమీ కాదు. చిక్కంతా దాన్ని సుమారు మూడు సెకన్లలో ఇచ్చెయ్యాలనడంలో ఉంది. సగటున 40 మెగావాట్లు అవుతుంది. ఇరవై వేల ఇళ్లలో ఒకేసారి గీజర్ వేసి, మూడు సెకన్ల తర్వాత ఒకేసారి ఆపేసినట్టు. నేరుగా జనరేటర్ మీద ఆ భారం పెడితే ఓడంతా దీపాలు మిణుకుమంటాయి, కంప్యూటర్లు పడిపోతాయి.

దీనికి వాళ్లు వాడిన ఉపాయం మన కుమ్మరి సారె. కుమ్మరి కర్రతో సారెను గిరగిరా తిప్పి, కర్ర పక్కన పెట్టేసి, ఆ తిరుగుడులో దాచిన శక్తితోనే కుండ చేస్తాడు. ఫోర్డ్‌లో బరువైన రోటర్లను ఓడ కరెంటుతో 45 సెకన్లపాటు తిప్పి వేగం ఎక్కిస్తారు. విసిరే క్షణంలో అవే జనరేటర్లుగా మారి, దాచుకున్న శక్తిలో కొంత మోటారులోకి గుమ్మరిస్తాయి. నిమిషానికి వేల చుట్లు తిరిగే సారె, అంతే తేడా.

దిగడానికి కూడా పద్ధతి మార్చారు. విమానం తోక కింద కొక్కెం డెక్ మీది ఇనుప తాడుని పట్టుకుంటుంది. పైలట్ చక్రాలు తగలగానే ఇంజిన్ తగ్గించడు, పూర్తిగా పెంచుతాడు, తాడు తప్పితే మళ్లీ ఎగరాలి కదా. పాత ఓడల్లో ఆ తాడుని పట్టి ఆపేది హైడ్రాలిక్ యంత్రం. ఇక్కడ నీళ్లలో తిరిగే టర్బైన్ చాలావరకు శక్తిని మింగుతుంది, మిగతాది ఒక మోటారు సర్దుతుంది.

డెక్ అమరికలో నాకు నచ్చింది ఐలండ్. ఓడ మీద భవనంలా నిలబడే ఆ కట్టడాన్ని చిన్నది చేసి 43 మీటర్లు వెనక్కి జరిపారు. విమానాలను పైకి తెచ్చే లిఫ్టులు నాలుగు నుంచి మూడుకి తగ్గించారు. దాంతో ఐలండ్ ముందు ఖాళీ దొరికింది. కారు రేసుల్లో పిట్ స్టాప్ లాగా, దిగిన విమానానికి ఒకేచోట ఇంధనం, బాంబులు పెట్టి మళ్లీ పంపాలని ఆలోచన. నిమిట్జ్ ఓడల్లో బాంబులకి రెక్కలూ ఫ్యూజులూ బిగించేది ఎక్కడో తెలుసా? నావికులు అన్నం తినే మెస్ డెక్‌లో! ఫోర్డ్‌లో దానికి వేరే చోటు కేటాయించారు. బాంబుల లిఫ్టులు 11, అవి కూడా కేబుల్ లేకుండా విద్యుదయస్కాంత బలంతో నడిచేవి. పాత లిఫ్టు మోసేదానికి రెట్టింపుకు మించి, సుమారు 11 టన్నులు మోస్తాయి. ఇవన్నీ కలిస్తే రోజుకి 160 సార్లు విమానాలను పంపగలగాలని లక్ష్యం. నిమిట్జ్‌కి అది 120.

ఇప్పుడు అసలు కథకి వస్తాను. మొదట్లో ఈ మార్పులన్నీ మూడు ఓడల్లో అంచెలంచెలుగా తేవాలనుకున్నారు. 2002లో, రమ్స్‌ఫెల్డ్ రక్షణమంత్రిగా ఉన్నప్పుడు, అన్నిటినీ ఒకే ఓడలో పెట్టెయ్యమన్నారు. అలా 23 కొత్త టెక్నాలజీలు ఒక్క ఓడ నెత్తిన పడ్డాయి. 2021లో నౌకాదళాధిపతి అడ్మిరల్ గిల్డే స్వయంగా ఒప్పుకున్నాడు, ఒక ఓడలో ఒకటో రెండో మించి కొత్తవి పెట్టకూడదని. నా అభిప్రాయం కూడా అదే. అయితే వీటిలో అన్నీ ఒకలా దెబ్బతినలేదు, అది గమనించాలి.

క్యాటపల్ట్‌ను న్యూజెర్సీలోని లేక్‌హర్స్ట్‌లో నేల మీద పూర్తి సైజులో కట్టి, 2010 చివర్లోనే ఒక ఎఫ్-18ని విసిరి చూశారు. బాంబుల లిఫ్టులకి అలాంటిది లేదు. నేరుగా ఓడలోనే బిగించారు. ఓడ అప్పగించేనాటికి ఒక్క లిఫ్టూ పనిచెయ్యలేదు. 2019 జనవరిలో నేవీ మంత్రి రిచర్డ్ స్పెన్సర్, వేసవికల్లా లిఫ్టులు పనిచెయ్యకపోతే నన్ను తీసెయ్యండని అధ్యక్షుడు ట్రంప్‌తో అన్నానని చెప్పాడు. లిఫ్టులు పనిచెయ్యలేదు. ఆయన ఉద్యోగమూ అదే ఏడాది పోయింది, కాకపోతే వేరే గొడవలో. పదకొండో లిఫ్టు పూర్తయ్యేసరికి 2021 డిసెంబరు వచ్చింది.

నేల మీద పరీక్షించిన క్యాటపల్ట్ అయినా సముద్రంలో బుద్ధిగా ఉందా అంటే అదీ లేదు. పెంటగాన్ పరీక్షల విభాగం 2020 లెక్క చూడండి. రెండు వైఫల్యాల మధ్య సగటున 4,166 విసుర్లు ఉండాలని లక్ష్యం. 3,975 విసుర్లు చూస్తే సగటు 181 దగ్గర ఆగింది. దానికన్నా నన్ను ఇబ్బందిపెట్టింది ఇంకోటి. ఒక క్యాటపల్ట్ చెడితే దాన్ని కరెంటు నుంచి విడదీసి బాగుచేస్తూ మిగతా వాటితో పని నడిపించే వీలు డిజైన్‌లో లేదు. ఒక ఇంట్లో ఫ్యూజు పోతే వీధి మొత్తానికి సప్లై ఆపినట్టు. ఐసొలేషన్ స్విచ్ గురించి సెకండ్ ఇయర్ కుర్రాడు కూడా అడుగుతాడు. ట్రంప్ అయితే 2017లోనే, మళ్లీ ఆవిరికే వెళ్లండి, ఈ డిజిటల్‌ది అర్థం కావాలంటే ఐన్‌స్టీన్ కావాలి అన్నాడు. ఆ మాటకి ఇంజినీర్లు నవ్వారు. కానీ నమ్మకంగా పనిచేసే పాత యంత్రం మీద మనిషికి ఉండే మమకారాన్ని నేను నవ్వి కొట్టెయ్యలేను.

అందరూ ఎదురుచూసే బాత్రూమ్ సంగతి కూడా చెప్పేస్తాను. విమానాల్లో లాగా వ్యాక్యూమ్‌తో లాగే టాయిలెట్లు పెట్టారు. నాలుగు వేలమందికి పైగా వాడతారు. పైపులు మాటిమాటికీ మూసుకుపోతే యాసిడ్‌తో కడగాలి. ఒక్కసారి కడిగితే 4 లక్షల డాలర్లని 2020లో అమెరికా ప్రభుత్వ ఆడిట్ సంస్థ రాసింది. రియాక్టర్ బాగానే ఉంది, దెబ్బకొట్టింది డ్రైనేజి.

మరి ఓడ పనికొచ్చిందా? వచ్చింది. 2021లో ఓడ పక్కన సుమారు 18 టన్నుల పేలుడు పదార్థాన్ని మూడుసార్లు పేల్చి చూశారు. మొదటిది భూకంప కేంద్రాల్లో 3.9 తీవ్రతగా నమోదైంది. ఓడ తట్టుకుంది. 2023లో మధ్యధరాకి వెళ్లి, అక్టోబరు 7న ఇజ్రాయెల్ మీద హమాస్ దాడి జరిగాక అక్కడే ఉండిపోయి, ఎనిమిది నెలల్లో పదివేలకు పైగా విమానాలను పంపి తిరిగొచ్చింది.

క్యాటపల్ట్ విలువ యుద్ధ విమానాల్లో కన్నా రెక్కల మీద పళ్లెం మోసుకుపోయే హాకై లాంటి రాడార్ విమానంలో బాగా కనబడుతుంది. ప్రొపెల్లర్ విమానం, బరువు ఎక్కువ. మన విక్రాంత్ ముందు భాగం 14 డిగ్రీలు పైకి వంచిన స్కీ జంప్. దాని మీద నుంచి మిగ్-29కె సొంత ఇంజిన్ బలంతో ఎగురుతుంది. రాడార్ విమానం ఎగరలేదు. అందుకే మనం ఆ పనికి కామోవ్ హెలికాప్టర్ వాడతాం. అది అంత ఎత్తుకీ వెళ్లలేదు, అంతసేపూ ఉండలేదు. 2015లో విమాన వాహక నౌకల టెక్నాలజీ మీద భారత్, అమెరికా కలిసి ఒక బృందాన్ని వేసుకున్నప్పుడు ఈ విద్యుత్ క్యాటపల్ట్ మాట కూడా వచ్చింది. దాన్ని పెట్టుకోగల పెద్ద ఓడను మనం ఇంకా కట్టలేదు.

చైనా కట్టింది. ఫుజియాన్ అనే ఓడ 2025 నవంబరులో వాళ్ల నౌకాదళంలో చేరింది. మూడు విద్యుత్ క్యాటపల్ట్‌లు ఉన్నాయి, అణు రియాక్టర్ లేదు. ఈఈఈ వాళ్లు ఈ రెండోమాట రాసుకోండి. శక్తిని నిదానంగా పోగేసి ఒక్కసారిగా వదలడం తెలిస్తే, ఆ పోగేసేది ఏ ఇంజిన్‌తో అన్నది తర్వాతి ప్రశ్న.

ఫోర్డ్ తర్వాత రెండో ఓడ జాన్ ఎఫ్ కెనెడీ, మూడోది ఎంటర్‌ప్రైజ్. నాలుగోదానికి డోరిస్ మిల్లర్ పేరు పెట్టారు. 1941లో జపాన్ పెర్ల్ హార్బర్ మీద దాడి చేసినప్పుడు ఆయన అక్కడి ఓడలో వంటశాల సిబ్బందిలో ఒక నల్లజాతి నావికుడు. తనకి శిక్షణ ఇవ్వని విమాన విధ్వంసక తుపాకీ పట్టుకుని కాల్చాడు. మొదటి ఓడలో పెట్టిన ఖరీదైన రాడార్‌ని కెనెడీకి వచ్చేసరికే మార్చేశారు.

టైమ్ అయిందని ప్రిన్సిపాల్ గారు చూస్తున్నారు. ప్రశ్నలుంటే అడగండి. బాత్రూమ్ ప్రశ్నకి జవాబు ముందే ఇచ్చేశాను.