మొక్కల ప్రయోగాల కిట్ రివ్యూ: ఆకు బిళ్లల కోసమైనా తీసుకోవచ్చా?

సైన్స్ టీచర్లందరికీ నమస్కారం. ముందే చెప్పేస్తున్నా, ఈ కిట్ కంపెనీవాళ్లు రివ్యూ కోసం ఉచితంగా పంపించారు. డబ్బులేమీ తీసుకోలేదు. పెట్టెలో ఏమేం ఉన్నాయో అన్‌బాక్సింగ్ వీడియోల్లో ఈపాటికి చూసే ఉంటారు, అందుకని నేరుగా ఆకు బిళ్లల దగ్గరికి, అంటే చిన్న ఆకు ముక్కలు వెలుతురులో ఎంతసేపట్లో పైకి తేలతాయో చూసి కిరణజన్య సంయోగక్రియ వేగాన్ని కొలిచే ప్రయోగం దగ్గరికి, వెళ్లిపోదాం. నాకు ఈ పెట్టె మొత్తంలో తెగ నచ్చింది అదే.

తాజా పాలకూర ఆకు తీసుకుని, పెద్ద ఈనెలు తగలకుండా పేపర్ పంచ్‌తో 10 బిళ్లలు కొట్టండి. లీటరు నీళ్లలో 2 గ్రాముల వంటసోడా కలిపితే 0.2 శాతం ద్రావణం వస్తుంది. ఒక గ్లాసు ద్రావణంలో గిన్నెలు తోమే లిక్విడ్ ఒక్క చుక్క వేయండి, చాలు. ఆకు మీద మైనపు పొర నీటిని అంటనివ్వదు, ఈ చుక్క వేస్తే నీరు అంటుకుంటుంది. నురగ కట్టిందంటే ఎక్కువైనట్టే, ఇంకాస్త ద్రావణం పోసి పలచన చేయండి.

ఇప్పుడు సూది లేని 10 మిల్లీలీటర్ల సిరంజి. పిస్టన్ తీసి బిళ్లలు వేసి, అవి నలగకుండా పిస్టన్ దూర్చి, గాలి నెట్టేసి, 5 మిల్లీలీటర్ల దాకా ద్రావణం పీల్చాలి. కెమెరా దగ్గరికి తెస్తున్నా, చూడండి. ముక్కుని వేలితో గట్టిగా మూసి పిస్టన్ వెనక్కి లాగి, ఒక 10 సెకన్లు అలాగే పట్టుకుంటున్నా. బిళ్లల అంచుల నుంచి సన్నటి బుడగలు వస్తున్నాయి కదా? ఆకులో కణాల మధ్య దాక్కున్న గాలి అది. వదలగానే ఆ ఖాళీల్లోకి ద్రావణం దూరుతుంది, బిళ్ల అడుగుకి దిగిపోతుంది. ఒకసారికి అన్నీ మునగవు, రెండు మూడుసార్లు లాగండి. అప్పటికీ మునగలేదంటే వేలి పక్కనుంచి గాలి వెళ్తోందన్నమాట.

వాటిని గ్లాసులో 3 సెంటీమీటర్ల లోతు ద్రావణంలో వేసి లైటు కింద పెట్టండి. వంటసోడా కార్బన్ డై ఆక్సైడ్ అందిస్తుంది, కిరణజన్య సంయోగక్రియలో పుట్టిన ఆక్సిజన్ ఆ ఖాళీల్లో చేరుతుంది, బిళ్లలు ఒక్కొక్కటే పైకి లేస్తాయి. నిమిషానికోసారి లెక్కపెట్టించండి. సగం, అంటే 5 బిళ్లలు తేలడానికి పట్టిన సమయమే కొలత. పదీ తేలేదాకా ఆగితే చివర్లో అడుగున అతుక్కున్న ఒక్క బిళ్ల లెక్కంతా చెడగొడుతుంది. అందుకే ప్రతిసారీ గ్లాసుని మెల్లగా తట్టమని చెప్పండి.

అన్నీ తేలాక గ్లాసు మీద నల్లగుడ్డ కప్పండి. వెలుతురు లేకపోయినా శ్వాసక్రియ ఆగదు, ఆ ఆక్సిజన్ ఖర్చయిపోతుంది, బిళ్లలు మళ్లీ మునగడం మొదలవుతుంది. టైమ్ పడుతుంది, తొందరపడకండి. రెండు క్రియలూ ఒకే ఆకులో జరుగుతాయని చెప్పడానికి ఇంతకన్నా మంచి దారి లేదు. మామూలుగా చూపించే హైడ్రిల్లా అనే నీటిమొక్క, గరాటు, పరీక్షనాళిక సెటప్‌లో బుడగలు ఒక్కో సైజులో వస్తాయి, లెక్క కుదరదు. పైగా క్లాసంతటికీ ఒకటే పెడతారు, వెనక బెంచీలకి ఏమీ కనిపించదు. ఇదైతే ప్రతి గ్రూపు చేతిలోనూ ఉంటుంది.

ఇక నాకు కోపం తెప్పించింది, ఈ సూచనల కార్డు. రెండో గ్లాసు మాటే లేదు! వంటసోడా లేకుండా, సోప్ చుక్క మాత్రం వేసిన మామూలు నీళ్లలో ఇంకో 10 బిళ్లలు పక్కనే పెట్టాలి. లేకపోతే “లైటు వేడికి తేలాయేమో” అని ఏ పిల్లవాడైనా అడిగితే మన దగ్గర జవాబు ఉండదు. అది చాలా మంచి ప్రశ్న కూడా. వేడెక్కే బల్బు వాడుతుంటే మధ్యలో నీళ్లు నింపిన పారదర్శకమైన డబ్బా అడ్డం పెట్టండి, లేదా ఎల్‌ఈడీ వాడండి. ఇంకా దారుణం, గ్రాఫ్ గీసి, జవాబు రాసి మరీ ఇచ్చారు. 1779లో ఇంగెన్‌హౌజ్ అనే డచ్ శాస్త్రవేత్త నీళ్లలో ముంచిన ఆకుల నుంచి వెలుతురులోనే బుడగలు రావడం గమనించి, ఆక్సిజన్‌కి వెలుతురు కావాలని తేల్చాడు. పిల్లలు కూడా అలా చూసే తేల్చుకోవాలి. ఆ కార్డు క్లాసులోకి తీసుకెళ్లకండి.

మిగతావి త్వరగా చూసేద్దాం. ఆకులోని రంగుల్ని విడదీసి చూపించే క్రొమటోగ్రఫీ కాగితం బాగుంది, రంగు చుక్క పెట్టే గీత మాత్రం పెన్సిల్‌తోనే గీయించండి, పెన్ను ఇంకు కూడా ద్రావణితో పాటు పైకి పాకుతుంది. పత్రరంధ్రాల ముద్రకి ఆకు అడుగున పారదర్శకమైన నెయిల్‌పాలిష్ పలచగా రాసి, పూర్తిగా ఆరాక టేపుతో లాగాలి. తడి మీద లాగితే చిరిగిపోతుంది. పిండిపదార్థం పరీక్ష దగ్గర మాత్రం చాలా జాగ్రత్త. కార్డులో “ఆల్కహాల్‌లో వేడి చేయండి” అని ఊరుకున్నారు. ఆల్కహాల్‌ని మంట మీద ఎప్పుడూ పెట్టకూడదు, ఆవిరి అంటుకుంటుంది. మంట ఆర్పేశాక, వేడినీళ్ల గిన్నెలో ఆల్కహాల్ నాళికను దింపండి.

తీసుకోవచ్చా అంటే, తీసుకోండి. ఆకు బిళ్లల ప్రయోగం ఒక్కటి చాలు నాకు. సిరంజిలు రెండే ఇచ్చారు, గ్రూపుకి రెండు చొప్పున విడిగా తెచ్చుకోండి: ఒకటి సోడా నీళ్లకి, ఒకటి మామూలు నీళ్లకి. సోడా తగిలిన సిరంజితో మామూలు నీళ్లు పీలిస్తే రెండో గ్లాసు పెట్టీ ఉపయోగం ఉండదు.