కేబుల్ తీసేద్దామా? ల్యాండ్‌లైన్ ఉంచుదామా?

[తెరపై: టేబుల్ మీద కేబుల్ రసీదు, ఫోన్ బిల్లు. పక్కన మొబైల్‌లో రీచార్జ్ మెసేజ్.]

నమస్తే. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఉన్నవాళ్ల కోసం ఈ వీడియో. రాజాంలోనో నరసన్నపేటలోనో ఒక ఇల్లు అనుకుందాం. కేబుల్‌కి నెలకు 330, ల్యాండ్‌లైన్‌కి 200 వేసుకోండి. రెండూ కలిపి 530. ఏడాదికి 6,360 రూపాయలు. నెలనెలా కొంచెం కొంచెంగా పోతుంది కాబట్టి ఎవరం పట్టించుకోం. ఇందులో ఎంత మిగుల్చుకోవచ్చో చూద్దాం. మొత్తం మిగలదు, ఆ మాట ముందే చెప్తున్నా.

[తెరపై: గోడ పక్కన పాత ఫోన్, దాని మీద కప్పిన గుడ్డ.]

ముందు ల్యాండ్‌లైన్ సంగతి. ఇది తేలిక. హైదరాబాద్‌లో ఉన్న కొడుకు, వలస వెళ్లిన అల్లుడు, అందరూ వాట్సాప్‌లో వీడియో కాలే చేస్తున్నారు. ల్యాండ్‌లైన్ మోగిందంటే రాంగ్ నంబర్ అయినా అవ్వాలి, లోన్ కావాలా అని అడిగేవాళ్లయినా అవ్వాలి.

అయితే పాత రాగి తీగ ఫోన్‌కి ఒక గుణం ఉంది. దానికి కరెంటు మీ ఇంట్లోంచి రాదు. టెలిఫోన్ ఎక్స్‌ఛేంజ్‌లో ఉన్న బ్యాటరీల నుంచి అదే తీగలో వస్తుంది. అందుకే ఇంట్లో కరెంటు పోయినా ఫోన్ పలుకుతుంది. మన దగ్గర ఇది చిన్న విషయం కాదు. 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ తుపాను, 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను. తిత్లీ తర్వాత ఉద్దానంలో రోజుల తరబడి కరెంటు లేదు, సెల్ టవర్లు మూగబోయాయి. "మరి ఆ గాలికి ఫోన్ తీగ మాత్రం మిగులుతుందా?" అంటారు. నిజమే, చెట్టు కూలితే అదీ తెగుతుంది. అందుకే నేనైతే తుపాను కోసమని నెలనెలా అద్దె కట్టను. ఒక మంచి పవర్ బ్యాంకు, బ్యాటరీ సెల్లుతో నడిచే చిన్న రేడియో కొంటాను. ఆకాశవాణి విశాఖపట్నం కేంద్రం తుపాను కబుర్లు చెప్తుంది.

నంబర్ పోతుందని బాధ ఉంటుంది కొందరికి. 08942, 08922తో మొదలయ్యే ఆ నంబర్ పెళ్లి శుభలేఖల నుంచి పాస్‌బుక్కు దాకా అన్నిటి మీదా ఉంటుంది. ఇంటికి ఫైబర్ ఇంటర్నెట్ పెట్టించుకునే ఆలోచన ఉంటే, అదే నంబర్ ఫైబర్ మీదకి మార్చడం కుదురుతుందేమో ముందు అడగండి. బీఎస్ఎన్ఎల్ చాలాచోట్ల అలా మారుస్తోంది. కాకపోతే ఫైబర్ ఫోన్‌కి ఇంట్లో మోడెం వెలుగుతూ ఉండాలి. కరెంటు పోతే అదీ పోతుంది.

[తెరపై: విజయనగరం గంటస్తంభం దగ్గర రద్దీ. స్తంభాల మధ్య వేలాడుతున్న కేబుల్ తీగలు.]

ఇక కేబుల్. అసలు గొడవంతా ఇక్కడే.

మీరు కట్టే డబ్బులో రెండు భాగాలుంటాయి. ఒకటి కనెక్షన్ ఇచ్చినందుకు తీసుకునే నెట్‌వర్క్ ఫీజు, రెండోది చానెళ్ల ధర. రెండిటి మీదా 18 శాతం జీఎస్టీ. 2019లో టెలికాం, కేబుల్ నియంత్రణ సంస్థ ట్రాయ్ కొత్త పద్ధతి తెచ్చినప్పుడు 100 చానెళ్లకి నెట్‌వర్క్ ఫీజు 130 రూపాయలు దాటకూడదంది. తర్వాత అదే 130కి 200 చానెళ్లు ఇవ్వాలంది. 2024లో ఆ పరిమితే ఎత్తేసింది. కాబట్టి ఇప్పుడు మీ ఆపరేటర్ ఎంత తీసుకుంటున్నాడో మీరే అడిగి తెలుసుకోవాలి. మన ఊళ్లలో చాలామంది లెక్క విడదీయకుండా గుండుగుత్తగా వసూలు చేస్తారు. నెల మొదట్లో వచ్చే కేబుల్ అబ్బాయిని "బాబూ, మా ప్యాక్‌లో ఏమేం ఉన్నాయి?" అని అడగండి. చూడని ఇంగ్లిష్ సినిమా చానెళ్లు, పిల్లలు పెద్దవాళ్లయిపోయినా వస్తున్న కార్టూన్లు బయటపడతాయి. వాటిని తీయించి, కావలసిన చానెళ్లు విడిగా తీసుకుంటే కేబుల్ ఉంచుకుంటూనే బిల్లు తగ్గొచ్చు. ఒకే చానెల్‌కి హెచ్‌డీ, మామూలుది రెండూ వస్తుంటే ఒకటి చాలు.

[తెరపై: నోటుబుక్కులో పేర్లు: నాన్నమ్మ, అమ్మ, నాన్న, తమ్ముడు.]

పూర్తిగా తీసేద్దాం అనుకుంటే ముందు ఈ పని చేయండి. ఇంట్లో ఎవరు ఏం చూస్తారో ఒక వారం రాయండి. ఎందుకంటే కేబుల్ లేకపోతే ఒక్కో చానెల్‌కి ఒక్కో యాప్ కావాలి: నాన్నమ్మకి స్టార్ మా సీరియల్ కావాలంటే జియోహాట్‌స్టార్, జీ తెలుగు కావాలంటే జీ5, జెమినీకి సన్ నెక్స్ట్, ఈటీవీకి ఈటీవీ విన్. నాలుగింటికీ డబ్బులు కట్టి, కింద ఇంటర్నెట్ బిల్లు కలిపితే కేబులే చవక అనిపిస్తుంది. ఒకటి రెండు సీరియళ్లతో సరిపెట్టుకునే ఇల్లయితేనే లెక్క కలిసొస్తుంది. వార్తలకైతే బెంగే లేదు, చాలా తెలుగు న్యూస్ చానెళ్లు యూట్యూబ్‌లో ఉచితంగా లైవ్ ఇస్తున్నాయి.

మొబైల్ డేటాతో టీవీ నడిపించేద్దాం అనుకోకండి. హెచ్‌డీలో గంట చూస్తే జీబీ పైనే ఖర్చవుతుంది. రోజుకి జీబీన్నర ప్యాక్ ఒక్క సినిమాకి చాలదు. పైగా 28 రోజుల ప్లాన్ అంటే ఏడాదికి 12 కాదు, 13 రీచార్జ్‌లు.

కేబుల్, ఫోన్, ఇంటర్నెట్ మూడూ ఒకే తీగలో ఇచ్చే రాష్ట్ర ప్రభుత్వ ఏపీ ఫైబర్‌నెట్ కూడా ఉంది. 2017 డిసెంబర్‌లో నెలకు 149 రూపాయలతో మొదలైంది. ఆ ధర తర్వాత నిలవలేదు. మీ వీధికి లైన్ ఉందా, వర్షానికి ఎన్నిసార్లు ఆగుతోంది అని పక్కింటివాళ్లని అడిగాకే తీసుకోండి.

ఇక నెల అద్దె అస్సలు లేనిది దూరదర్శన్ వాళ్ల డీడీ ఫ్రీ డిష్. గొడుగు (డిష్ యాంటెన్నా), బాక్స్ ఒకసారి కొంటే చాలు. సప్తగిరి వస్తుంది, హిందీ చానెళ్లు బోలెడు. తెలుగు వినోద చానెళ్లు మాత్రం పెద్దగా ఆశించకండి. సీరియల్ లేకపోతే అన్నం సహించని ఇంట్లో దీన్ని పెడితే నాలుగు రోజుల్లో మీ మీదకే వస్తారు.

కేబుల్ తీసేస్తే ఊరి లోకల్ చానెల్ కూడా పోతుంది. పైడితల్లి అమ్మవారి సిరిమాను లాంటివి యూట్యూబ్‌లో దొరుకుతాయి గానీ, మీ వీధి ఫంక్షన్ యాడ్, రేపు కరెంటు కోత కబురు దొరకవు.

[తెరపై: సెట్‌టాప్ బాక్స్, రిమోట్, అడాప్టర్ ఒక సంచిలో.]

నిర్ణయం అయిపోతే, గ్యాస్ ఏజెన్సీలో, బ్యాంకులో, ఇన్సూరెన్స్‌లో ల్యాండ్‌లైన్ నంబర్ ఉంటే ముందే మార్పించండి. ఆ తర్వాత ఎక్స్‌ఛేంజ్‌లో దరఖాస్తు ఇచ్చి, కట్టిన డిపాజిట్ వెనక్కి అడగండి. సెట్‌టాప్ బాక్స్ మీరు కొన్నదా, ఆపరేటర్‌దా అన్నది పాత రసీదులో ఉంటుంది. అతనిదైతే రిమోట్, అడాప్టర్‌తో సహా ఇచ్చేసి, బాకీ లేదని తేదీ వేసి సంతకం చేయించుకోండి.