‘బఫీ’ చివరి ఎపిసోడ్: శక్తిని అందరికీ పంచింది సరే, అడిగింది ఎవరిని?

[స్క్రీన్ మీద: టైటిల్, కింద ‘కథ మొత్తం చెప్పేస్తున్నాం’ అన్న హెచ్చరిక]

2003 మే 20న ‘బఫీ ద వాంపైర్ స్లేయర్’ అనే అమెరికన్ టీవీ సిరీస్ ముగిసింది. పిశాచాలతో పోరాడే శక్తి వచ్చిన అమ్మాయిని ఇందులో స్లేయర్ అంటారు, కథానాయిక బఫీ అలాంటి స్లేయరే. ఏడు సీజన్లు, 144 ఎపిసోడ్లు. చివరి ఎపిసోడ్ ‘చోజెన్’ అనగానే చాలామంది ఫైట్ గురించో, ఊరు మొత్తం గోతిలో కూలిపోవడం గురించో మాట్లాడతారు. నాకు మాత్రం అందులో మనుషులు తీసుకున్న నిర్ణయాలే ముఖ్యం. మీరింకా సిరీస్ చూడకపోతే వీడియో ఇక్కడ ఆపేసి, చూశాక రండి.

ముందు పరిస్థితి ఏంటో చూద్దాం. సన్నీడేల్ అనే ఊళ్లో హైస్కూల్ కింద హెల్‌మౌత్ అనే నరకద్వారం, అందులో వేల సంఖ్యలో టురాక్-హాన్ అనే ఆదిమ పిశాచాలు. ఇటు బఫీ ఇంట్లో ఉన్నదేమో స్లేయర్ అయ్యే అవకాశమున్నా ఇంకా శక్తి రాని అమ్మాయిలు. రూల్ ఏంటంటే, ఒక స్లేయర్ చనిపోతేనే ఇంకొకరికి శక్తి వస్తుంది. బఫీ ఒకసారి నీళ్లలో మునిగి కాసేపు ప్రాణం పోయి బతికింది కాబట్టి ఆ వరుస చీలి, ఫెయిత్ కూడా స్లేయర్ అయింది. అంటే మొత్తం ఇద్దరు. మిగతావాళ్లు ఎదురుచూడాల్సిందే.

బఫీ ఇక్కడ ఆ రూల్‌నే తీసి పారేస్తుంది. బఫీ స్నేహితురాలు, మంత్రగత్తె విల్లో, సైత్ అనే మంత్రాయుధంలోని శక్తిని మంత్రంతో విడుదల చేస్తే, స్లేయర్ అయ్యే అవకాశమున్న ప్రతి అమ్మాయికీ ఆ బలం ఇప్పుడే వచ్చేస్తుంది. ఐడియా ఎప్పుడు తట్టిందో గమనించండి. ఈ సీజన్ శత్రువు, ద ఫస్ట్ అనే ఆదిమ దుష్టశక్తి, బఫీ రూపంలోనే ఎదురుగా నిలబడి, నువ్వు ఒంటరిగానే చస్తావని దెప్పిపొడుస్తుంది. ఆ తర్వాతే బఫీకి విషయం వెలుగుతుంది. శత్రువు ఏది పట్టుకుని భయపెడుతోందో, సరిగ్గా అదే మార్చేయాలని.

ఈ నిర్ణయానికి వేరు ‘గెట్ ఇట్ డన్’ అనే ఎపిసోడ్‌లో ఉంది. మొట్టమొదటి స్లేయర్‌ని తయారుచేసిన షాడో మెన్ అందులో బఫీకి ఎదురుపడతారు. ఒక అమ్మాయిని గొలుసులతో కట్టేసి, ఆమెలోకి రాక్షస శక్తిని బలవంతంగా ఎక్కించినవాళ్లు. బఫీకీ అలాగే ఇంకా శక్తి ఇవ్వబోతే ఆమె తిరగబడి వద్దంటుంది. శక్తి చాలక అల్లాడుతున్న సమయంలో కూడా వద్దంది. అందుకే చివర్లో హాల్లో అమ్మాయిల ముందు నిలబడి, ఎప్పుడో చచ్చిపోయిన మగవాళ్లు పెట్టిన రూల్ ఇది అని ఆమె అంటుంటే, అది పైపై ఉపన్యాసంలా అనిపించదు. ఆ మాట అనే హక్కు ఆమె సంపాదించుకుంది.

అయితే ఇక్కడే నన్ను వదలని ప్రశ్న ఒకటుంది. హాల్లో ఉన్న అమ్మాయిలకు బఫీ విషయం విడమరిచి చెప్పింది, నిర్ణయం మీదే అంది. బాగుంది. ఆ తర్వాత వచ్చే షాట్లు గుర్తు తెచ్చుకోండి.

[స్క్రీన్ మీద: బ్యాట్ పట్టుకున్న అమ్మాయి]

బేస్‌బాల్ మైదానంలో బెరుకుగా నిలబడ్డ చిన్న పిల్ల ముఖంలో నెమ్మదిగా నవ్వు. ఇంకో చోట, కొట్టడానికి లేచిన మగవాడి చేయి గాల్లోనే పట్టుకున్న అమ్మాయి. ఆ చెయ్యి ఆగినప్పుడల్లా నాకు ఒళ్లు గగుర్పొడుస్తుంది. కానీ వీళ్లని ఎవరు అడిగారు? ఎవరూ అడగలేదు. షాడో మెన్ కూడా అడగలేదు కదా!

ఇది అనవసరమైన అనుమానం కాదు. 2004లో, దీనికి అనుబంధంగా వచ్చిన ‘ఏంజెల్’ సిరీస్‌లోని ‘డామేజ్’ ఎపిసోడ్ దీన్నే నేరుగా చూపించింది. చిన్నప్పుడు చిత్రహింసలు పడి, మానసిక వైద్యశాలలో ఉన్న డేనా అనే అమ్మాయికీ అదే శక్తి వస్తుంది. ఆమెకు అది వరం కాలేదు. ఎదుట ఉన్నది ఎవరో తెలియని అయోమయంలో బఫీని ప్రేమించిన పిశాచం స్పైక్ చేతులు నరికేస్తుంది.

అయినా నేను బఫీ వైపే. టైమ్ లేదన్నది ఒక కారణం. అంతకంటే పెద్ద కారణం మొదటి సీజన్ చివర్లో ఉంది. నాకు పదహారేళ్లు, నాకు చావాలని లేదు అని ఆమె తన గురువు గైల్స్ ముందు ఏడ్చిన సీన్. ఆమెను అప్పుడు కుంగదీసింది ఆ బరువంతా తన ఒక్కదాని మీదే పడటం. పాత పద్ధతిలో ఆ అమ్మాయిలలో ఎవరి వంతు వచ్చినా ఒంటరిగా మోయాల్సిందే, చావాల్సిందే. ఇప్పుడు అలా కాదు. తప్పు ఉంది, ఒప్పుకుంటాను. కానీ షాడో మెన్ చేసిన దానితో ఇది సమానం కాదు.

స్పైక్ గురించి రెండు మాటలు. బఫీ ప్రేమిస్తున్నానంటే, లేదులే, అయినా అన్నందుకు థాంక్స్ అంటాడు. ఆ ప్రేమ నిజమా కాదా అన్న వాదన ఇప్పటికీ నడుస్తోంది. నాకు మాత్రం అతను ఆ మాటకి బదులుగా ఏమీ ఆశించకపోవడమే ముఖ్యం. పిశాచాలకు ఉండని ఆత్మను తెచ్చుకున్నాక అతను ఎంత మారాడో అక్కడ తెలుస్తుంది.

ఇక అన్యా, ఒకప్పటి రాక్షసి, ఇప్పుడు బఫీ బృందంలో మనిషి. మూడో సీజన్లో రాక్షసుడిగా మారబోతున్న మేయర్‌తో యుద్ధం రాబోతోందని తెలియగానే ఊరు వదిలి పారిపోయిన మనిషి ఆమె. వెయ్యేళ్లకు పైగా బతికింది, ప్రాణం విలువ బాగా తెలుసు. ఈసారి కత్తి పట్టుకుని స్కూల్ వరండాలో నిలబడింది, వెనక నుంచి వేటు పడింది, అంతే. వీడ్కోలు డైలాగ్ లేదు, నెమ్మదిగా కళ్లు మూయడం లేదు. చాలామంది దీన్ని అన్యాయం అంటారు. యుద్ధంలో చావు ఇలాగే ఉంటుందని నేను అనుకుంటాను, బాధపడుతూనే.

ఆ చావు చుట్టూ ఇంకో నిర్ణయం ఉంది, దాని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. బయటపడ్డాక అన్యాను ప్రేమించిన జాండర్, ఆమెతో పాటు పోరాడిన ఆండ్రూని అడుగుతాడు, ఏం జరిగిందో చూశావా అని. నా ప్రాణం కాపాడుతూ చనిపోయింది అంటాడు ఆండ్రూ. మనకు స్క్రీన్ మీద కనిపించింది అది కాదు. తను చేసిన హత్యను కూడా కథలల్లి కప్పిపుచ్చుకున్నవాడు ఆండ్రూ. అంతకుముందే బఫీ అతన్ని నిలదీసి, కథలు చెప్పడం ఆపమంది, అతను ఏడ్చి నిజం ఒప్పుకున్నాడు కూడా. అలాంటివాడు మళ్లీ ఒక కథ చెప్పాడు, ఈసారి తన కోసం కాదు. జాండర్ దాన్ని నమ్మాడు.