పాత లాప్‌టాప్‌ను తూకానికి వేయకండి

అందరికీ నమస్కారం. ఉగాది పచ్చడి అయింది, భోజనాలకింకా టైముంది, ఈలోపు సైబర్ భద్రత మీద నాలుగు మాటలు చెప్పమన్నారు. ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని బ్యాంకువాళ్లు రోజూ మెసేజ్ పెడుతూనే ఉన్నారు కదా, నేను వేరే సంగతి ఎత్తుకుంటాను. కార్యదర్శిగారు ఏమీ అనుకోవద్దు.

మారతహళ్లిలో ఉండే మా బావగారి లాప్‌టాప్ 2012 నాటిది. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు మద్దతు ఆగిపోయింది. విండోస్ 11 ఎక్కాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉండాలి, ఇందులో లేదు. సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్తే అక్కడి కుర్రాడు "ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేయండి సార్" అన్నాడు. మూత కూడా తెరవలేదండీ! స్క్రీన్ మీద ఒక్క గీత లేదు, కీబోర్డులో ఒక్క మీట ఊడలేదు. తెరిచి చూడాలా వద్దా? తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

దొంగలు సులువుగా దూరేది మరమ్మతులు, అంటే అప్‌డేట్లు, ఆగిపోయిన సాఫ్ట్‌వేర్‌లోంచి. అందుకే అందులో ఓపెన్‌బీఎస్‌డీ ఎక్కించాను. విండోస్ లాగే ఇదీ ఒక ఆపరేటింగ్ సిస్టమ్, లైనక్స్‌కు దాయాది అనుకోండి. 1995లో థియో డి రాట్ అనే ప్రోగ్రామర్ నెట్‌బీఎస్‌డీ అనే ఇంకో సిస్టమ్ నుంచి వేరుపడి మొదలుపెట్టాడు. ఇప్పటికీ ఆరు నెలలకోసారి కొత్త వెర్షన్ వస్తుంది, పైసా ఖర్చు లేదు. ఇక్కడున్న ఐటీ పిల్లలూ, మీరు రోజూ సర్వర్లలోకి లాగిన్ అయ్యే ఓపెన్ఎస్ఎస్‌హెచ్ వీళ్లు రాసిందే, తెలుసా?

ఇందులో ప్లెడ్జ్ అని ఒకటుంది. తనకు ఏయే పనులు కావాలో ప్రోగ్రామ్ ముందే ఒప్పుకోవాలి, మాట తప్పితే కెర్నెల్, అంటే సిస్టమ్ గుండెకాయ, దాన్ని అక్కడికక్కడే చంపేస్తుంది. అన్‌వీల్ ఇంకొకటి. దాని వల్ల ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్‌కు మీ సొంత ఫైళ్లలో డౌన్‌లోడ్స్ ఫోల్డర్ తప్ప దాదాపు ఏవీ కనబడవు. ఇక బూట్ అయిన ప్రతిసారీ కెర్నెల్ ముక్కల వరస మార్చి కొత్తగా లింక్ చేస్తుంది. అప్పుడు పాత హార్డ్‌డిస్క్ కాసేపు గరగరలాడుతుంది. కంప్యూటర్ సామాన్లు దొరికే ఎస్పీ రోడ్డుకెళ్లి, హార్డ్‌డిస్క్ బదులు పెట్టుకునే చిన్న ఎస్ఎస్‌డీ ఒకటి తెచ్చుకుంటే ఆ బాధ ఉండదు, ఎటూ వెళ్లారు కాబట్టి ర్యామ్ కూడా పెంచండి.

బ్లూటూత్ మాత్రం లేదు, 2014లోనే పీకేశారు. మా మేనల్లుడు అందుకే అలిగాడు. లాప్‌టాప్‌ను మొదట మేల్కొలిపే పాత బయోస్‌లో లోపాలుంటే అవీ అలాగే ఉంటాయి, అబద్ధం చెప్పను. అయినా మూత తెరవకుండా పారేయమనడం ఏమిటండీ?

సరే, అటక మీద లాప్‌టాప్ ఉన్నవాళ్లు చేతులెత్తండి. అమ్మా, మీరూ ఎత్తండి, మీ ఇంట్లో రెండున్నాయని నాకు తెలుసు. వచ్చే ఆదివారం పొద్దున క్లబ్‌హౌస్‌కు పట్టుకురండి, కూర్చుని ఎక్కిద్దాం. ఫోటోలు ముందే వేరేచోటికి కాపీ చేసుకోండి, డిస్క్ మొత్తం తుడిచేస్తాం. కొన్ని వైఫై చిప్‌లు పనిచేయాలంటే ఫర్మ్‌వేర్ అనే చిన్న సాఫ్ట్‌వేర్ దించుకోవాలి కాబట్టి నెట్ కేబుల్ నేను తెస్తాను. ఛార్జర్లు మీరు తెచ్చుకోండి, ఆ బ్యాటరీలు పది నిమిషాలు కూడా నిలవవు.