బొమ్మలో ఆ ముఖం ఎక్కడి నుంచి వచ్చింది?

ఉపాధ్యాయ మిత్రులకు, బడుల్లో లైబ్రరీ బాధ్యత చూస్తున్న టీచర్లందరికీ నమస్కారం.

చారిత్రక వ్యక్తుల జీవితాలను బొమ్మలతో చెప్పే పుస్తకాలు బీరువాలో పడి ఉండవు. అందరికంటే ముందు అట్టలు ఊడేది వాటికే. వాటిని పిల్లల చేత చదివించడం పెద్ద కష్టం కాదు, మీరు పక్కకు తప్పుకుంటే చాలు, వాళ్లే చదువుకుంటారు. నా ఆలోచనంతా చదివిన తర్వాత జరిగేదాని గురించే. ఎనిమిదేళ్ల పిల్ల బొమ్మను ఫోటోలాగే నమ్ముతుంది. ఆ వయసులో చూసిన ముఖం జీవితాంతం ఉండిపోతుంది. కాబట్టి ఇలాంటి పుస్తకం చేతికిచ్చినప్పుడల్లా ఒక ప్రశ్న కూడా ఇవ్వాలని నేను గట్టిగా నమ్ముతాను: ‘ఈ బొమ్మ వేసినవాళ్లకు ఇది ఎలా తెలిసింది?’

రుద్రమదేవినే తీసుకోండి. ఒక చిత్రకారుడు ఆమెకు పట్టుచీర, వడ్డాణం పెడతాడు. మరొకరు కవచం తొడిగి గుర్రం ఎక్కిస్తారు. రెండు పుస్తకాలూ ఒకే బల్ల మీద పక్కపక్కన పెట్టండి. ఏది నిజమని పిల్లలే అడుగుతారు. అప్పుడు శాసనాల మాట ఎత్తండి. తండ్రి గణపతిదేవుడు ఆమెను రుద్రదేవుడన్న మగపేరుతో రాజ్యానికి తెచ్చాడనీ, శాసనాల్లో ఆమె రుద్రదేవ మహారాజుగా కనిపిస్తుందనీ చెప్పండి. నల్లగొండ జిల్లా చందుపట్లలో 1289 నవంబరు నాటి శాసనం ఉంది. రుద్రమదేవికి, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడికి పుణ్యం కలగాలని పువ్వుల ముమ్మడి అనే అతను భూమి దానం చేస్తూ వేయించినది. ఆమె మరణాన్ని చరిత్రకారులు నిర్ధారించుకున్నది ఆ రాతి మీది అక్షరాలతోనే. దాని ఫోటో ఒకటి ప్రింటు తీసి పుస్తకం వెనక అట్టలో అంటించండి. రాతిలో ఏముందో, బొమ్మలో ఏది ఊహో పిల్లలు వేలు పెట్టి చూపిస్తారు. ఊహ ఉండటం తప్పేమీ కాదు. అది ఊహ అని తెలిసి చదవాలి, అంతే.

అల్లూరి సీతారామరాజు విషయంలో చిక్కు వేరు. గడ్డం, విల్లు, అమ్ములపొది చూడగానే ఆయన్ని గుర్తుపట్టని పిల్ల తెలుగునాట ఉండదు. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో వరసగా చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద దాడి చేసింది దేనికోసమని అడగండి. తుపాకుల కోసం. మరి బొమ్మలో విల్లే ఎందుకు? ఇక్కడి నుంచి చర్చ దానంతట అదే నడుస్తుంది. బొమ్మల పుస్తకం దాడి సన్నివేశానికి నాలుగు పేజీలు ఇస్తుంది. పోడు మీద అటవీ చట్టాల ఆంక్షలకు, ఘాట్ రోడ్ల పనిలో గిరిజనుల చేత చేయించిన చాకిరీకి ఒక పేరా కూడా దొరకదు. రాజుతో కలిసి పోరాడిన గాం గంటందొర, మల్లుదొర గుంపులో ముఖాలుగా మిగిలిపోతారు. ఆ ఖాళీ టీచరు పూరించాల్సిందే.

1967లో అనంత్ పై మొదలుపెట్టిన అమర్ చిత్ర కథలు మనలో చాలామందికి చరిత్రను పరిచయం చేశాయి. ఆ రుణం నేను మరచిపోను. అయితే వాటిలో మంచివాళ్లు తెల్లగా, చెడ్డవాళ్లు నల్లగా ఉంటారన్న విమర్శ న్యాయమైనది. వాటిని బీరువాలోంచి తీసేయమని అనను. ఒక పేజీ తెరిచి రంగుల గురించి మాట్లాడించండి. నల్లగా ఉండే పిల్ల ఆ రోజు ఏం చెబుతుందో శ్రద్ధగా వినండి.

బొమ్మ గీసే పద్ధతిలోనే ఎంత న్యాయం చేయవచ్చో చూడాలంటే 2011లో ఇంగ్లీషులో వచ్చిన ‘భీమాయన’ చూడండి. అంబేద్కర్ జీవితానికి మధ్యప్రదేశ్ పర్ధాన్ గోండు కళాకారులు దుర్గాబాయి వ్యామ్, సుభాష్ వ్యామ్ బొమ్మలు వేశారు. అందులో గళ్లు గీసి కథను బిగించలేదు. గోండుల ఇళ్లలో వేసే దిగ్నా ముగ్గే పేజీని విడదీస్తుంది. మెత్తని మాట పిట్ట ఆకారంలో, విషం చిమ్మే మాట తేలుకొండి ఆకారంలో ఉంటుంది. ఇంగ్లీషు రాని పిల్లలు కూడా ఎవరు ఎవరిని గాయపరుస్తున్నారో చెప్పేస్తారు. ఆదిలాబాద్ వైపు గోండు, ప్రధాన్ పిల్లలున్న బడుల్లో ఇది తప్పక ఉండాలి. పక్కనే అంబేద్కర్ స్వయంగా రాసుకున్న 1901 నాటి ప్రయాణం చదివి వినిపించండి. మసూర్ స్టేషన్లో దిగిన అంబేద్కర్‌కు, తోటి పిల్లలకు, అంటరానివాళ్లని తెలిసి బండివాళ్లు బండి కట్టనన్నారు. చివరికి ఒకడు రెట్టింపు కిరాయికి ఒప్పుకున్నాడు, అదీ పిల్లలే బండి తోలుకుంటే తాను పక్కన నడిచి వస్తానని. డబ్బాలో అన్నం ఉంది, తాగడానికి నీళ్లు పుట్టలేదు. అప్పుడు అంబేద్కర్‌కు మన ఐదో తరగతి పిల్లల వయసే. ఇది చదివాక వెంటనే ప్రశ్నలు అడక్కండి. కాసేపు ఊరుకోండి.

పిల్లల వయసు సంఘటనలు ఎక్కడున్నా వెతికి పట్టుకోవాలి. 1923 కాకినాడ కాంగ్రెసు సభల సమయంలో ఖాదీ ప్రదర్శన గుమ్మం దగ్గర వాలంటీరుగా నిలబడి, టికెట్టు లేదని నెహ్రూనే ఆపిన దుర్గాబాయి దేశ్‌ముఖ్‌కు అప్పుడు పద్నాలుగేళ్లు. ఆంధ్ర మహిళా సభ, రాజ్యాంగ సభ తర్వాత చెప్పుకోవచ్చు. ముందు ఆ గుమ్మం దగ్గర ఆపండి. ‘నువ్వైతే ఆపేదానివా?’ అని అడగండి.

లైబ్రరీ పీరియడ్‌లో నలుగురికి ఒక పుస్తకం ఇచ్చి, మొదట అక్షరాలు చదవకుండా బొమ్మలే చూడనివ్వండి. క్విజ్ వద్దు, నీతి రాయించడం అసలే వద్దు.

ఏడాది చివర మీ ఊరి మనిషి ఒకరి మీద పిల్లల చేతే పుస్తకం చేయించండి. బడికి స్థలమిచ్చిన ఆమె కావచ్చు, మొదటి పంతులు కావచ్చు. బొమ్మ వేయడానికి కూర్చోగానే చీర ఎలా కట్టేది, చెప్పులుండేవా, అప్పుడు ఊళ్లోకి రోడ్డుందా అని సందేహాలొస్తాయి. ముసలమ్మల దగ్గరికి పరుగెడతారు. ఇద్దరు రెండు రకాలుగా చెబితే రెండూ రాయించండి. చెప్పినవాళ్ల పేర్లు చివరి పేజీలో ఉండాలి. ఆ పుస్తకానికీ ఒక నంబరు వేసి స్టాకు రిజిస్టరులో ఎక్కించండి, మిగతా పుస్తకాల్లాగే పిల్లలకు ఇంటికి ఇవ్వండి.